మధ్య పెడలు

చెన్నకేశవరావుగారిది పలకల వ్యాపారం. మార్కాపురం చుట్టుపక్కల గనుల్లో తీసిన రాయిని చెక్కించి, కొయ్య చట్రాలు బిగించి, బడిపిల్లల పలకలుగా రైలెక్కించేవాడు. వ్యాపారం ఊపుమీదున్న రోజుల్లో మద్రాసు పోయి ఒక పెద్దకారు కొనుక్కొచ్చినాడు. ముందు ఇద్దరు, వెనక నలుగురు కాళ్ళు చాపుకొని కూర్చోవచ్చు. నల్లరంగు, పెట్టె మాదిరి టాపు, మూతికి రెండు పక్కలా బిందెలంత దీపాలు. ఆ రోజుల్లో మార్కాపురం తాలూకాలో అంత పెద్ద మోటారు ఇంకోటి లేదు.

దాన్ని మొదటిరోజు నుంచీ నడిపినవాడు మాలకొండయ్య. బేస్తవారిపేట దగ్గర వాళ్ళకు వానను నమ్ముకున్న చేను ఉండేది. సేద్యం అన్నకు వదిలేసి, కారు అమ్మిన కంపెనీవాళ్ళ దగ్గరే మద్రాసులో రెండు నెలలుండి నడపడం నేర్చుకున్నాడు. నేర్పిన ముసలి డ్రైవరు అతని చేత రోజూ మూడు మాటలు చెప్పించేవాడు: ఎడమది క్లచ్చి, మధ్యది పెట్రోలు, కుడిది బ్రేకు. ఆ కంపెనీ బండ్లకు అప్పట్లో పెడళ్ళు అదే వరసలో ఉండేవి. మొదటి నెల తర్వాత మాలకొండయ్యకు ఆ మాటలతో పని లేకపోయింది. చెప్పులు విడిచి బండెక్కేవాడు. ఏ కాలు ఎక్కడికి పోవాలో కాళ్ళకే తెలుసు.

పద్నాలుగేండ్లలో బండికి ముసలితనం వచ్చింది. స్టీరింగు చక్రం ఎడమకు లాగేది. బ్రేకు రెండుసార్లు తొక్కితేగాని పట్టేది కాదు, అది కూడా ఎదురొచ్చే బండిని ఎంతో దూరాన చూసి తొక్కాలి. గేరు కడ్డీ డ్రైవరు కుడిమోకాలి పక్కన ఉండేది, రెండో గేరు వెయ్యాలంటే కడ్డీని ముందు కొంచెం బుజ్జగించాలి. ఇవేవీ మాలకొండయ్యకు లోపాలుగా తోచేవి కావు. ఇంట్లో భార్య కాశమ్మకు కోపం ఎప్పుడొస్తుందో తెలిసినట్టు బండి గుణం తెలుసు, అంతే.

పంతొమ్మిది వందల నలభై ఒకటికి ఇంగ్లీషుదొరల సీమలో యుద్ధం ముదిరింది. ఓడల్లో కొత్త కార్లు రావడం ఆగిపోయింది. పెట్టెల్లో వచ్చే విడిభాగాలను బిగించి కార్లుగా అమ్మే ఆ మద్రాసు కంపెనీ షెడ్లు ఖాళీ పడినాయి. అప్పుడు కంపెనీ పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. ఊళ్ళల్లో పాత పెద్దకార్లు చాలా ఉన్నాయి, చట్రాలు గట్టివి. వాటికే కొత్త మూతి, కొత్త బ్రేకులు, కొత్త లోపలి సరంజామా పెట్టి ఈ కాలపు కార్లు చేస్తే ఎట్లుంటుంది? ముందు ఒక బండిని మార్చి చూడాలనుకున్నారు. పలకల పనిమీద మద్రాసు పోయిన చెన్నకేశవరావుగారి చెవిన ఈ మాట పడింది. ఆయన అక్కడికక్కడే ఒప్పుకొని వచ్చినాడు.

మాఘమాసంలో కంపెనీ ఇంజనీరు దిగినాడు. నెల్లూరు వైపు మనిషి, ముప్పై దాటని వయసు. చేతిలో ఎర్రట్ట పుస్తకం. బండిని తీసుకుపోయే ముందు మూడు రోజులు దాంట్లో తిరిగి, దాన్ని వాడే అందరినీ అడిగి రాసుకుంటానన్నాడు.

ముందు రావుగారిని అడిగినాడు. "కొత్త కార్లు చూడండి, మూతి గుండ్రంగా చేప మాదిరి ఉంటుంది. దీపాలు మడ్‌గార్డుల్లోకి దూరిపోయి ఉంటాయి. నాది అట్ల కనపడాల" అన్నాడాయన.

"లోపల సంగతి?"

"లోపల మీ ఇష్టం."

రావుగారి భార్య కోటిరత్నం తలుపు వెనక నుంచే చెప్పింది. "ఎక్కేటప్పుడు కాలు నడుం దాకా ఎత్తాల్సి వస్తోంది. కింద రేకు వేడెక్కి పాదాలు మండుతాయి. మూతి ఏ మాదిరి ఉంటే ఏంది, లోపల కూర్చునేవాళ్ళకు మూతి కనపడదు కదా."

బండికి స్ప్రింగులు బాగుచేసే కమ్మరి ఎర్రయ్యను అడిగితే, "మీరేమన్నా చేసుకోండి దొరా, ఎత్తు మాత్రం తగ్గించొద్దు. మా గనుల దోవలో రాళ్ళు బండి కడుపు చీలుస్తాయి" అన్నాడు.

ఇంజనీరు తల గోక్కున్నాడు. అమ్మగారు కిందికి దించమంటుంది, కమ్మరి దించొద్దంటాడు, అయ్యగారికి మూతి తప్ప ఇంకోటి పట్టలేదు. మూడోరోజు గిద్దలూరు నుంచి తిరిగొస్తూ మాలకొండయ్య పక్కన కూర్చుని అడిగినాడు.

"నువ్వు చెప్పు మాలకొండయ్యా. పద్నాలుగేళ్ళు నడిపావు. ఏం మార్చమంటావు?"

ఇన్నేండ్లలో ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. రావుగారు ఎక్కడికి పోవాలో చెప్పేవాడు, కోటిరత్నమ్మ ఎంతసేపటికి పోవాలో చెప్పేది.

"ఏం మార్చబల్లేదు సార్. బాగనే ఉంది."

"బాగుందా? బ్రేకు రెండుసార్లు తొక్కుతున్నావు."

"అది దాని అలవాటు."

ఇంజనీరు నవ్వినాడు. వంగి అతని కాళ్ళవైపు చూసినాడు. "ఈ పెడళ్ళ వరస సంగతేంటి? ఇప్పుడొచ్చే కార్లన్నిటికీ బ్రేకు మధ్యలో, పెట్రోలు కుడివైపు ఉంటున్నాయి. నీకేమైనా ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది లేదు. కొత్తగా ఎక్కినోడికి కష్టం సార్. ఒకసారి సుంకం గేటు దగ్గర ఇంకో డ్రైవరుకు ఇస్తే గోడకు కొట్టబోయినాడు."

ఇంజనీరు ఎర్రట్ట పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మాలకొండయ్య దోవ చూసుకున్నాడు. మర్నాడు కంపెనీ డ్రైవరు వచ్చి బండిని మద్రాసు తోలుకుపోయినాడు.

మూడు నెలలకు పైనే పట్టింది. ఆ మూడు నెలలూ మాలకొండయ్యకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. షెడ్డు ఊడ్చేవాడు, పలకల మూటలు లెక్కపెట్టేచోట నిలబడేవాడు, అన్నకు సాయం చేద్దామని చేనికి పోతే అక్కడి పని మర్చిపోయినాడని తేలింది. "నీకు ఎద్దులు కూడా గేరేస్తే కదుల్తాయనుకుంటున్నావా ఏంది" అని కాశమ్మ ఎగతాళి చేసింది.

జ్యేష్ఠమాసంలో ఒక పొద్దున కంపెనీ ఫిట్టరు కారును తోలుకొచ్చి రావుగారింటి ముందు ఆపినాడు. వీధిలో జనం మూగినారు. మాలకొండయ్య షెడ్డులోంచి తువ్వాలు దులుపుకుంటూ వచ్చి, బండిని చూసి, ఇది మనది కాదేమో అనుకున్నాడు. ముదురాకుపచ్చ రంగు. మూతి గుండ్రంగా కిందికి జారింది. దీపాలు మడ్‌గార్డుల్లోంచి చిన్నగా బయటికి చూస్తున్నాయి. వెనకవైపు పోయి, కంభం రోడ్డులో ఒకసారి రివర్సులో చెట్టుకు తగిలించిన సొట్ట కోసం చేత్తో తడిమినాడు. అక్కడ రేకు నున్నగా ఉంది.

"ఇది ఆ బండేనా?" అని ఫిట్టరును అడిగినాడు.

"చాసిస్ అదే. వేరెదీ అది కాదు" అన్నాడు ఫిట్టరు అరవ యాసలో. అతను పదకొండు గంటల రైలు పట్టుకోవాలి. మాలకొండయ్యను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి గబగబా చూపించుకుంటూ పోయినాడు. గేరు కడ్డీ ఇప్పుడు ఎడమచేతివైపు. హారనుకు రబ్బరు బుడ్డి లేదు, చక్రం మధ్యలో బొత్తాం. దీపాల మీట ఇక్కడ, నూనె ముల్లు ఇక్కడ. కాళ్ళ దగ్గర చూపించి, "పెడల్ ఎల్లాం పుది మాడల్. బ్రేక్ నడువిలే. తెలుసు కదా?" అన్నాడు.

పెడళ్ళన్నీ కొత్త మాదిరివని, 'నడువిలే' అంటే మధ్యలో అని మద్రాసులో రెండు నెలలున్న మాలకొండయ్యకు తెలుసు. మాట చెవిన పడింది కూడా. కాని అంతకుముందు చెప్పిన గేరు సంగతే ఇంకా బుర్రకెక్కలేదు, చుట్టూ యాభైమంది కిటికీల్లో తలలు దూర్చి చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు "ఏం మాలకొండయ్య మామా, నీకొస్తదా ఇది?" అన్నాడు.

"ఎందుకు రాదూ" అన్నాడు మాలకొండయ్య. ఫిట్టరు వైపు తిరిగి, "తెలుసులే అన్నా" అన్నాడు.

ఫిట్టరు రైలుకు పోయినాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు, టెంకాయ కొట్టినారు. రావుగారు, కోటిరత్నం వెనక సీట్లో ఎక్కినారు. గనుల దాకా పోయి పనివాళ్ళకు చూపించి రావాలని ఆయన ముచ్చట. ఇట్ల ఎక్కించేముందు, ఒకసారి ఒంటరిగా నడిపి చూసుకుంటావా అని ఎవరూ మాలకొండయ్యను అడగలేదు. అతనూ అడగలేదు.

ఊళ్ళో వీధుల్లో బాగనే పోయింది. కుడిచెయ్యి ఒకట్రెండుసార్లు మోకాలి పక్కన గేరు కడ్డీ కోసం గాలిలో వెతికింది. అట్ల వెతికినప్పుడల్లా సిగ్గుపడి ఎడమచేతిని గుర్తు చేసుకున్నాడు. మనసంతా చేతులమీదే ఉంది. కాలు మాత్రం ఏది తొక్కితే బండి కదులుతోందో అదే నిదానంగా తొక్కుతోంది; గట్టిగా ఆపాల్సిన పని ఎక్కడా పడలేదు. ఇంజను పాత చప్పుడు చెయ్యడం లేదు, అందుకని ఎంత వేగం పోతున్నామో చెవికి అందడం లేదు.

గనుల దోవలో మలుపు తిరగగానే ఎదురుగా పలకల ఎడ్లబండి. దాని పక్కన తలమీద గంపతో మణెమ్మ నడుస్తోంది. మణెమ్మ గనుల దగ్గర పలకలకు అంచులు కొట్టే మనిషి, యాభై దాటిన వయసు. మాలకొండయ్య పాదం ఎత్తి బ్రేకు తొక్కినాడు. బండి ఆగాల్సింది పోయి ముందుకు దూకింది. ఇంకా గట్టిగా తొక్కినాడు. ఇంకా ఉరికింది. కోటిరత్నం కేక వేసింది. అతను చక్రం ఎడమకు తిప్పినాడు. కారు దోవ దిగి, చెక్కగా పారేసిన రాళ్ళ గుట్ట ఎక్కి, టైరు పేలి, దభీమని ఆగింది.

మణెమ్మను కారు తాకలేదు. తప్పించుకోబోయి రాళ్ళమీద పడింది. గంపలో పలకలన్నీ ముక్కలైనాయి. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగి ఉంది.

"అత్తా! అత్తా!" అంటూ మాలకొండయ్య పరిగెత్తినాడు. ఆమె ఏడవలేదు. తన చేతిని వేరేవాళ్ళ వస్తువును చూసినట్టు చూసుకుంటోంది.

"ఏమైంది నాయనా?" అని అతన్నే అడిగింది.

ఏమైందో మాలకొండయ్యకు తెలియలేదు. బ్రేకు తొక్కినాడు. తొక్కినట్టు తన కాలికి బాగా తెలుసు. రావుగారు కిందికి దిగి, పగిలిన కొత్త దీపాన్ని చూసి, మూగుతున్న పనివాళ్ళను చూసి, గట్టిగా అన్నాడు: "బ్రేకు పడలా! కొత్త బ్రేకులు పనికిరాలా! అంతే కదా మాలకొండయ్యా?"

మాలకొండయ్య తల ఊపినాడు. ఆ క్షణంలో అది అబద్ధమని అతనికి తెలియదు.

మణెమ్మను ఎడ్లబండిలోనే ఊళ్ళోకి తెచ్చినారు. ఎముకలు కట్టే ఆయన వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టినాడు. రెండు నెలలు కదిలించొద్దన్నాడు. రావుగారు ఆ సాయంత్రమే బ్రేకులు పనిచెయ్యక మనుషుల ప్రాణాలమీదికి వచ్చిందని కంపెనీకి ఉత్తరం రాయించినాడు. మర్నాడు బజారంతా అదే మాట. కంపెనీవాళ్ళు పాత బండిని పాడుచేసినారని దుకాణాల ముందు కూర్చున్నవాళ్ళు తీర్పు చెప్పేసినారు.

ఎర్రయ్య ఎడ్లను కట్టించి కారును షెడ్డుకు లాగించినాడు. మాలకొండయ్య టైరు విప్పి, రాళ్ళదుమ్ము కడిగి, ఊరికే సీట్లో కూర్చున్నాడు. ఇంజను ఆపి ఉంది. కళ్ళు మూసుకొని ఆ మలుపును తలుచుకున్నాడు. ఎడ్లబండి, గంప, మణెమ్మ. పాదాన్ని దాని ఇష్టానికి వదిలేసినాడు. పాదం లేచి, కుడివైపు పోయి, తొక్కింది. కళ్ళు తెరిచి చూసినాడు. తన పాదం పెట్రోలు పెడలు మీద ఉంది.

ఇంకోసారి చేసినాడు. అదే. ఇట్ల కాదని, మధ్యది బ్రేకు అని పైకి గట్టిగా చెప్పుకుంటూ చేసినాడు. నోరు మధ్యది అంటోంది, కాలు కుడివైపు పోతోంది. ఆ ఫిట్టరు మాట అప్పుడు చెవిలో పడింది, మళ్ళీ కొత్తగా.

ఇంటికొచ్చి కాశమ్మకు చెప్పినాడు.

"అయితే తప్పు నీదా?" అంది కాశమ్మ.

"నేను తొక్కింది బ్రేకే."

"ఇప్పుడే పెట్రోలంటివి?"

"తొక్కాలనుకుంది బ్రేకు. తొక్కింది అది."

కాశమ్మ అన్నం వడ్డించి కంచం ముందుకు జరిపింది. "రావుగారికి చెప్తే?"

"బండి దించేస్తాడు. కాళ్ళు పనికిరాని డ్రైవరును ఎవరు పెట్టుకుంటారు?"

"చెప్పకపోతే?"

అన్నం కలిపి, తినకుండా లేచిపోయినాడు.

వారం తిరక్కుండా ఇంజనీరు వచ్చినాడు. మనిషి సగమైనాడు. బ్రేకుల పని తానే దగ్గరుండి చేయించినాడట. పెద్దలు ఉత్తరం చూసి, తప్పు ఎక్కడుందో తేల్చుకొని రమ్మన్నారట. చొక్కా విప్పి కారు కింద దూరినాడు. గొట్టాలు చూసినాడు, బ్రేకు నూనె చూసినాడు, చక్రాలు నాలుగూ విప్పి చూసినాడు. మాలకొండయ్య అడిగిన రెంచీ అందిస్తూ నిలబడ్డాడు. తర్వాత ఇంజనీరు తానే నడిపి, గనుల దోవలో పదిసార్లు ఆపి చూసినాడు. పదిసార్లూ బండి మేకు కొట్టినట్టు నిలబడింది.

మధ్యాన్నం షెడ్డులో నేలమీద కూర్చున్నాడు. ముఖానికి నూనె మరకలు. "నాకు అర్థం కావడం లేదు మాలకొండయ్యా. బ్రేకుకు ఏమీ లేదు. ఆ ఒక్కసారే ఎందుకు పడలేదు? కనిపించని లోపం ఉంటే ఇంకా భయం. ఈ బండిని ఇక్కడ వదిలి ఎట్లా వెళ్ళేది? వదలకపోతే ఏమని రాసేది?"

మాలకొండయ్య తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ ఉన్నాడు. తన ఉద్యోగం పోతుందనే భయం ఉంది. కాని ఎదురుగా ఒక మనిషి, లేని రోగం కోసం వెతుకుతూ కూలబడి ఉంటే చూడబుద్ధి కాలేదు.

"బ్రేకుకు ఏం లేదు సార్. నేనే దాన్ని తొక్కలా."

"ఏంటీ?"

"కాలు పాతచోటికి పోయింది. కుడివైపు. తొక్కేకొద్దీ ఉరికింది."

ఇంజనీరు అతన్ని చూసినాడు. కోప్పడతాడనుకున్నాడు మాలకొండయ్య. ఇంజనీరు లేచి, తగిలించిన చొక్కా జేబులోంచి ఎర్రట్ట పుస్తకం తీసి, కాగితాలు తిప్పి, ఒకచోట వేలుపెట్టి చదివినాడు: "డ్రైవరుకు ఇబ్బంది లేదు. కొత్తవారికి కష్టం. మార్చాలి." పుస్తకం మూసినాడు. "నువ్వు చెప్పిన మాటే ఇది. నీ మాట పట్టుకునే మార్చాను."

"నేను మార్చమన్లేదు సార్."

"అనలేదు. నీకు ఇబ్బంది లేదన్నావు. దాన్ని ఎలా మార్చినా నీకు ఇబ్బంది ఉండదని అనుకున్నాను." పుస్తకాన్ని చొక్కా జేబులో పెట్టేస్తూ, "నేనిలా ఎందుకు అనుకున్నానో ఇప్పుడు నాకే తెలియడం లేదు" అన్నాడు.

ఇద్దరూ కలిసి రావుగారి దగ్గరికి పోయినారు. మాలకొండయ్య చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో పెడళ్ళ వరస తనే తారుమారుగా చెప్పి, మళ్ళీ మొదటినుంచీ చెప్పినాడు. రావుగారికి అది సగమే అర్థమైంది. వెనక సీటులో తప్ప ఎప్పుడూ కూర్చోని మనిషి.

"అంటే బ్రేకు మంచిదేనా?"

"మంచిదే అయ్యా."

"మరి ఆరోజు పడలేదని తల ఊపితివే?"

"ఆరోజు నాకు తెలీదయ్యా."

"బజారంతా చెప్పినానే నేను! కంపెనీకి రాసినానే!" రావుగారి ముఖం ఎర్రబడింది. "పద్నాలుగేండ్లు నడిపినోడివి, ఏది బ్రేకో తెలీకుండా నా ఇంటిదాన్ని ఎక్కించుకొని పోతావా?"

మాలకొండయ్య తల వంచుకున్నాడు. తెలుసు, కాని తెలీదు. ఆ ముక్క ఎట్ల చెప్పాలో అతనికి చేతకాలేదు.

ఈసారి కోటిరత్నం తలుపు దాటి ఇవతలికి వచ్చింది. "ఎక్కించుకొని పోలేదు, మనమే ఎక్కినాం. నిమ్మకాయలు తొక్కించేదాకా ఆగినారు గాని, నీకు అలవాటయిందా అని ఒక మాట అడిగినారా మీరు? అతనూ తెలీదని నోరు తెరవలేదు, అది అతని తప్పే. కంపెనీకి ఇంకో ఉత్తరం రాయండి, ఉన్నదున్నట్టు. మణెమ్మ చెయ్యి కుదిరేదాకా వాళ్ళింటిల్లిపాదికీ తిండి మన వంటింట్లోంచి పోవాల. అది ఎవరి తప్పయినా సరే."

ఉత్తరం మర్నాడు పోయింది.

ఇంజనీరు ఒక దారి చెప్పినాడు. ఎర్రయ్య కొలిమి దగ్గర రెండు రోజులు కూర్చుంటే పెడళ్ళను మళ్ళీ పాత వరసలో పెట్టొచ్చు. రావుగారు పెట్టించమన్నాడు. మాలకొండయ్యకే ఏదీ తేలలేదు. పాత వరస పెడితే రేపే ఎక్కి నడపొచ్చు. కాని ఇకమీదట వచ్చే బండ్లన్నీ ఈ వరసలోనే వస్తాయని ఇంజనీరే చెప్పినాడు. తనకు జ్వరం వచ్చి ఇంకొకడు ఈ బండెక్కితే, వాడి కాలు మధ్యలో బ్రేకు వెతుక్కుంటుంది. అప్పుడు ఇంకో మణెమ్మ పడుతుంది.

"నాకు పదిరోజులు గడువియ్యండి అయ్యా. రాకపోతే మార్పించండి. అప్పటికీ కుదరకపోతే నన్నే మార్చండి" అన్నాడు.

పశువుల సంత జరిగే మైదానం సంతరోజు తప్ప మిగతా రోజుల్లో ఖాళీగా ఉంటుంది. తెల్లవారగానే కారు అక్కడికి తోలుకుపోయేవాడు, నడక వేగంతో. మొదటిరోజు ఇంజనీరు పక్కన కూర్చున్నాడు. రెండోరోజు ఆయన మద్రాసు పోయినాడు. మూడోరోజు నుంచి కాశమ్మ కూర్చుంది. పద్నాలుగేండ్లలో ఆమె ఆ కారు ఎక్కడం అదే మొదలు. కొంగు నడుంకు చుట్టి, రెండు చేతులా ముందు చెక్క పట్టుకొని, తనకు తోచినప్పుడు "ఆపు!" అని అరవాలి. అదీ ఆమె పని.

"ఆపు!"

బండి ముందుకు దూకింది.

"ఆపమంటే ఉరికిస్తావేందయ్యా!"

"కాలు వినడంలే!"

"కాలికి నేను చెప్తా ఉండు" అని ఆమె వంగి అతని మోకాలిమీద ఒకటి వేసింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే మాలకొండయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. నలభై నాలుగేండ్ల మనిషి, నడక మళ్ళీ నేర్చుకుంటున్నట్టుంది. ఇరవైసార్లలో ఏడెనిమిదిసార్లు కాలు తప్పుచోటికే పోయేది. నిదానంగా ఉన్నప్పుడు సరిగా పోయేది. ఉలిక్కిపడితే పాతచోటికే పోయేది.

ఆరోరోజు కాశమ్మ ఇంటినుంచి సన్న కొబ్బరితాడు తెచ్చింది. "నీ కాలికి చూపు లేదు. తాకితే తెలుస్తదేమో" అని బ్రేకు పెడలుకు దగ్గరదగ్గరగా చుట్టి ముడివేసింది. కుడివైపు పెడలు నున్నటి ఇనుము, మధ్యది గరుకు తాడు. చెప్పుల్లేని పాదానికి తేడా చప్పున తెలిసింది. ఆపాలంటే గరుకు. కాలు కుడివైపు పోయినా, నున్నగా తగలగానే ఉలిక్కిపడి ఇవతలికి వచ్చేది. ఎర్రయ్య చూసి, తాడు జారకుండా పెడలు వెనక సన్న ఇనుప తీగతో బిగించి ఇచ్చినాడు.

తొమ్మిదోరోజు పొద్దున మాలకొండయ్య మణెమ్మ ఇంటికి పోయినాడు. రోజూ అన్నం గిన్నె రావుగారింటినుంచి అతనే తెచ్చి ఇస్తున్నాడు గాని, జరిగింది చెప్పలేదు. ఆరోజు గిన్నె దించి, అరుగుమీద కూర్చుని చెప్పినాడు. ఆమె వెదురుబద్దల చేతిని ఒళ్ళో పెట్టుకొని విన్నది.

"అయితే బండి మంచిదే, నువ్వూ మంచోడివే. నా చెయ్యి ఎట్ల విరిగింది మరి?"

"నా వల్లనే అత్తా."

"నువ్వు ఆపాలనే కదా తొక్కింది?"

"ఔను."

మణెమ్మ ఎడంచేత్తో గిన్నెను దగ్గరికి లాక్కుంది. "ఎవరిమీద కోపం తెచ్చుకోవాల్నో తెలీకుండా ఉంది నాయనా. ఇందాకటిదాకా మద్రాసోళ్ళను తిట్టుకుంటా కూర్చున్నా. కొంచెం సుఖంగా ఉండె." గిన్నె మూత తీసి చూసింది. "నిన్ను తిట్టుకోమంటావా?"

"తిట్టుకో."

"చూస్తాలే. ముందు ఈ ముద్ద కలిపి పెట్టిపో, ఎడంచేత్తో రాదు నాకు."

అతను కలిపి పెట్టినాడు.

పదిరోజుల గడువు దాటినా పెడళ్ళు మార్పించమని మాలకొండయ్య అడగలేదు, బండి అతని చేతిలోనే ఉండిపోయింది. శ్రావణం వచ్చేసరికి పెట్రోలుకు రేషను కూపన్లు పెట్టినారు. మద్రాసు కంపెనీ షెడ్లలో మిలిటరీ లారీల పని మొదలైంది, పాతకార్ల ఆలోచన మూలపడింది. ఇంజనీరు ఒక కార్డు రాసినాడు. ఇంకో బండి మార్చే రాత ఉంటే, దాన్ని నడిపేవాడిని ముందు పదిరోజులు షెడ్డుకు పిలిపించుకుంటానని, రావుగారి ఉత్తరంలో చదివిన తాడు సంగతి పుస్తకంలో రాసుకున్నానని. ఇంకో బండి మార్చే రాత మాత్రం రాలేదు. అట్ల మారిన పెద్దకారు మార్కాపురంలో ఉన్నదొక్కటే.

కూపన్లు వచ్చినాక రావుగారు మొదటిసారి గిద్దలూరు ప్రయాణం పెట్టుకున్నాడు. అక్కడ కోటిరత్నం చెల్లెలికి ఒంట్లో బాగాలేదు. రావుగారు ఎక్కేముందు వంగి డ్రైవరు కాళ్ళవైపు చూసినాడు. "ఏదిరా బ్రేకు?"

"మధ్యది అయ్యా."

"ఖాయమేనా?"

"ఖాయమే."

ఊరు దాటేదాకా ఆయన తలుపు పట్టీ వదల్లేదు. ఎదురు బండి కనపడినప్పుడల్లా గొంతు సవరించుకునేవాడు. తర్వాత తర్వాత సవరించుకోవడం తగ్గింది. బేస్తవారిపేట చేరకముందే ఆయన తల పక్కకు వాలి గురక మొదలైంది.

ఊరి మొదట్లో తుమ్మకంపల సందులోంచి గేదెల మంద ఒక్కసారిగా రోడ్డుమీదికి వచ్చింది. మాలకొండయ్య పాదం లేచింది. లేచి, గాలిలో ఆగింది. కుడికా, మధ్యకా? ఆ అరక్షణంలో అతనికి ఏమీ గుర్తులేదు. ముసలి డ్రైవరు చెప్పించిన వరసా లేదు, కాశమ్మ అరుపూ లేదు. పాదం దిగింది. కింద గరుగ్గా తగిలింది. బండి గేదెలకు రెండు బారల ఇవతల ఆగింది.

కోటిరత్నం వెనకనుంచి అడిగింది: "ఏందయ్యా?"

"గేదెలమ్మా."

గేదెలు నిదానంగా దాటినాయి. వాటిని తోలుకుపోయే మనిషి చెయ్యి ఊపి, ఇక పొమ్మన్నాడు. మాలకొండయ్య కదల్లేదు. పాదాన్ని ఆ గరుకు తాడుమీద నుంచి ఎత్తలేదు. బ్రేకు తాను తొక్కినాడా, పాదమే తొక్కిందా, రేపు ఇట్లనే తొక్కుతుందా అనేది ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. వెనక రావుగారి గురక వినపడుతోంది. పాదంతో తాడును ఇంకోసారి తడిమి చూసుకొని, గేరు వేసి, గిద్దలూరు దోవ పట్టినాడు.